ఉత్తరంలోని రెండు తెలుగులు



ఉత్తరం అనే మాటకు సంస్కృతంలో సమాధానమని అర్థం. జాబు అనే మాట హిందూస్థానీ నుండి వచ్చిన ‘జవాబు’కు మారురూపం. లేఖకు మన నిత్యవ్యవహారంలో బాగా స్థిరపడిన ఈ రెండు మాటలకూ మూలార్థం ‘బదులు’ అనే. ఎవరూ ఏమీ అడుగకముందే వ్రాసిన తొలి లేఖను సైతం మనవారు ఉత్తరమనే వ్యవహరించారు. దూరాన ఉన్న ఆత్మీయుడు ‘ఎలా ఉన్నారు?’ అని మనసులో అడుగుతూనే ఉంటాడనీ, మనం వ్రాసేది దానికి బదులేననీ అనుకొంటే ఈ మాటలు ఎంతో సమంజసంగా తోస్తాయి.

తక్కిన మాటలూ ఆలోచింపదగినవే. కమ్మ అంటే తాటియాకు చీలిక. పత్రమంటే ఆకు. లేఖ అంటే గీత. ఇవి వ్రాతకు ఆధారమైన వస్తువునో, వ్రాసే పనినో తెలిపే మాటలు. తపాలు, టపా అనేవి చేరవేసే ఏర్పాటును తెలిపేవి. మన బ్లాగరులు తమ రచనలకు ‘టపా’ అని పేరు పెట్టుకొన్నప్పుడు, తెలిసి చేసినా తెలియక చేసినా, ఒక పాత తీగను పట్టుకొని లాగారని నాకు సంతోషం కలిగింది.

అయితే నేడు నేను వ్రాయదలచినది ఉత్తరాలలోని భాషను గురించి. ముప్పై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలలలో తెలుగు పండితునిగా లేఖారచన బోధించాను. లేఖలు రెండు విధాలని చెప్పేవాణ్ణి: వ్యక్తిగత లేఖలు, వ్యవహార లేఖలు. స్థలము, తేదీ, సంబోధన, విషయము, ముగింపు, సంతకము, చిరునామా అని లేఖాంగాలు బల్లపై వ్రాసేవాణ్ణి. విహారయాత్రను గూర్చి మిత్రునికి ఒక లేఖ, సెలవు కోరుతూ ప్రధానోపాధ్యాయునికి ఒక లేఖ. ఈ విభజన తప్పు కాదు. కాని ఉద్యోగ విరమణ తరువాత పాత ఉత్తరాలు చదువుతూ కూర్చున్నప్పుడు అసలు గీత ఆ రెండు రకాల మధ్య కాక ప్రతి ఉత్తరం నడుమనే ఉన్నదని తెలిసింది.

మన తాతల నాటి కార్డు ఒకటి తీసి చూడండి. పైన నడుమ ‘శ్రీ’కారం. కుడివైపున ఊరు, తేదీ. ఎడమ మూల ‘క్షేమం’ అని ఒక్కమాట. కార్డు చేతిలో పడగానే గుండె ఝల్లుమనకుండా చేసిన ఏర్పాటు అది. ఆ తరువాత ‘మహారాజశ్రీ పూజ్యులైన మామగారి పాదపద్మములకు అనేక నమస్కారములు చేసి వ్రాయునది’. చిన్నవారికైతే ‘ఆశీర్వదించి వ్రాయునది’. భర్తకు భార్య వ్రాస్తే పేరు ఉండదు, ‘శ్రీవారికి’ అని మాత్రమే. పిమ్మట ‘ఉభయకుశలోపరి’. ఇరువైపుల క్షేమమూ చెప్పుకొన్న మీదట అని ఆ మాటకు అర్థం. ఆపైన ‘ఏమనగా’.

ఆ ‘ఏమనగా’ దాటేవరకు ఉన్నది ఒక తెలుగు, దాటిన తరువాత వచ్చేది మరొక తెలుగు. వాకిట్లో అంతసేపూ పాదపద్మములు, నమస్కారములు. లోపలికి వెళితే ‘మొన్న వానకు మిరపతోట దెబ్బతిన్నది’, ‘చిన్నదానికి సంబంధం కుదిరేటట్టు ఉంది’, ‘అప్పు విషయం ఆయనతో అనవద్దు’. చివరికి మళ్లీ ‘చిత్తగించవలెను’ అంటూ పాత తెలుగులోనే తలుపు మూసుకొంటుంది.

ఆ మర్యాదవాక్యాలను తేలికగా చూడరాదు. అవి బంధుత్వాన్ని, వయస్సును, అంతరువును ఒక్కచూపులో తెలిపేవి. మూలలకు పసుపు రాసి ఉంటే శుభవార్త అని, నల్లని మరక ఉంటే మరణవార్త అని అక్షరం రానివారికి కూడా తెలిసేది. అట్టి ఉత్తరాన్ని చదివిన వెంటనే చించివేసేవారు, ఇంట్లో ఉంచేవారు కారు.

కాని ఆ మర్యాదలోనే నిర్దాక్షిణ్యం కూడా ఉండేది. పెండ్లి అయిన స్త్రీకి ‘చి॥ల॥సౌ॥’ అని వ్రాసేవారు, చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అని. భర్త పోయిన స్త్రీకి ‘గం॥భా॥స॥’ అని వ్రాసేవారు, గంగా భాగీరథీ సమానురాలు అని. వినడానికి ఎంతో పవిత్రమైన మాట. 1970లో నాకు పదేళ్లు. మా తాతగారు చెబుతుంటే కార్డులు వ్రాసేది నేనే. ఆ ఏడు మా మేనత్త భర్త కాలం చేశారు. ఆమెకు ఇరవై నాలుగేళ్లు. కర్మకాండలన్నీ ముగిసి తాతగారు ఇంటికి వచ్చిన తరువాత ఆమెకు మొదటి కార్డు వ్రాయించారు. విషయమంతా చెప్పి, చిరునామా దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయారు. చాలాసేపటికి ఆ మూడక్షరాలు చెప్పారు. అర్థం తెలియక నేను గుండ్రని దస్తూరిలో చక్కగా వ్రాశాను.

కార్డు బహిరంగపత్రం. పోస్టుమాను చూస్తాడు, అరుగుమీద కూర్చున్నవారు చూస్తారు. కొన్నాళ్లకు మా అత్తయ్య తిరిగి వ్రాసింది. అన్ని సంగతుల చివర ఒక్క వాక్యం: ‘నాన్నా, కార్డు మీద నా పేరు ఒక్కటే వ్రాయించు, చాలు.’ తాతగారు శాస్త్రం తెలిసినవారు, సంప్రదాయం తప్పనివారు. ఆ తరువాత ఆయన జీవించిన తొమ్మిదేళ్లూ ఆమె పేరు ముందు ‘చి॥’ అని మాత్రమే వ్రాయించారు. బిడ్డ ఎప్పుడూ చిరంజీవియే గదా అని ఎవరో అడిగితే సమాధానం చెప్పారు. ఉత్తరంలో నియత భాగం కూడా మారగలదని నేను నేర్చుకొన్న మొదటి పాఠం అది.

ఇక వ్యవహార లేఖల సంగతి. వాటి పునాది పారసీ దర్బారులలో ఉన్నది. అర్జీ, తాకీదు, హుకుము, దాఖలు, మంజూరు, రసీదు వంటి మాటలను తీసివేస్తే మన కచేరీల తెలుగు మూగబోతుంది. ఇంటి ఉత్తరానికి సైతం ఎల్లలుగా నిలిచే తారీఖు, దస్కతు, చిరునామా ఆ దారిన వచ్చినవే. నిజాం రాజ్యంలో 1884 ప్రాంతంలో పారసీ స్థానంలో ఉర్దూ రాజభాష అయినది గనుక అక్కడి తెలుగు రైతు తన మొరను తనకు రాని భాషలో వ్రాయించుకోవలసి వచ్చేది. కోస్తా, సీమ జిల్లాలలో అర్జీ తెలుగులో ఉండేది కాని దాని తలకట్టు ‘దివ్యసముఖమునకు’ అనే ఉండేది. మద్రాసు ప్రభుత్వం వారు ఇంగ్లీషు ఉత్తర్వులలో కూడా మన ‘మహారాజ రాజశ్రీ’ని వదలలేదు. ఎం.ఆర్.ఆర్‌వై. అని పొడి అక్షరాలుగా కుదించి భారతీయ పెద్దమనుషుల పేర్లకు ముందు, చివర ‘గారు’ అనో ‘అవర్గళ్’ అనో చేర్చి వాడుతూ వచ్చారు. మన మర్యాద అట్లా పరభాషలోకి సైతం వెళ్లింది.

ఈ రెండు తెలుగులకూ చరిత్రలో సాక్ష్యాలు ఎక్కడ ఉన్నవి? నా దృష్టిలో మొదట చెప్పవలసినది ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఆయన 1830 మే 18న పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. దారిలోని ఊళ్లు, ఏరులు, ధరలు, ఆచారాలు అన్నీ వ్రాసి కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ల గారికి పంపుతూ వచ్చారు. వీరాస్వామయ్యగారు 1836లో కీర్తిశేషులైన తరువాత 1838లో ఆ మిత్రుడే వాటిని పుస్తకంగా అచ్చువేయించారు. తెలుగు వచనంలో తొలి యాత్రాచరిత్రగా మనం గౌరవించే గ్రంథం నిజానికి ఒక స్నేహితుడు మరొక స్నేహితునికి వ్రాసుకొన్నది. అందువల్లనే అందులో కావ్యభాష లేదు. చూసినది చూసినట్లు చెప్పవలసిన అవసరం ఉన్నచోట పలుకుబడి తెలుగే కలంలోకి వచ్చింది. 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు దానిని మళ్లీ పరిష్కరించి ప్రకటించకపోతే మా తరానికి అది అందేది కాదు.

రెండవ సాక్ష్యం చార్లెస్ ఫిలిప్ బ్రౌను. ఆయన నిఘంటువును గురించి అందరికీ తెలుసు. 1852లో మద్రాసులో ఆయన ప్రకటించిన ‘తెలుగు రీడరు’ను గురించి తెలిసినవారు తక్కువ. అది కథల పుస్తకం కాదు, పద్యాల పుస్తకం కాదు. సొంత ఉత్తరాలు, వర్తక వ్యవహారాల ఉత్తరాలు, పోలీసు, రెవిన్యూ వ్యవహారాల కాగితాలు కూర్చి, ఇంగ్లీషు అనువాదము, వ్యాకరణ వివరణము, చిన్న పదకోశము జోడించిన వాచకం. తెలుగు నేర్వదలచిన దొరకు ముందుగా చదువవలసినవి ప్రజలు వ్రాసుకొనే ఉత్తరాలేనని ఆయన నిర్ణయించారన్నమాట. మరొక విశేషం: 1855లో ఉద్యోగం వదలి స్వదేశం వెళ్లేనాటికి బ్రౌను మద్రాసులో ప్రభుత్వ తెలుగు అనువాదకునిగానే కాక పోస్టుమాస్టర్ జనరల్‌గా కూడా పనిచేసి ఉన్నారు. ఉత్తరాలు చేరవేసే శాఖకు అధిపతియైనవాడే ఉత్తరాల తెలుగును పాఠ్యగ్రంథంగా చేయడం మన సారస్వత చరిత్రలో తలచుకోదగిన ఘట్టం.

ఆ మరుసటి ఏడే, 1853లో, అదే మద్రాసులో పరవస్తు చిన్నయసూరిగారి ‘నీతిచంద్రిక’ వెలువడింది. సూరిగారి వచనం మీద నాకు గల భక్తి ఇప్పటికీ చెక్కుచెదరలేదు. దాని సొగసు దానిదే. కాని ఏడాది తేడాతో ఒకే నగరంలో వెలువడిన ఈ రెండు పుస్తకాలలో మన బడులు తమకు ఆదర్శంగా స్వీకరించినది రెండవదానిని. ‘తెలుగు రీడరు’ దొరల బల్లల మీద ఉండిపోయింది. పిల్లవాడు ఇంటి ఉత్తరంలో ఒక తెలుగు, బడి పలకమీద ఒక తెలుగు వ్రాయవలసిన స్థితి అక్కడే స్థిరపడిందని నా అభిప్రాయం.

ఈలోగా ఉత్తరం ఊరూరికీ చేరింది. 1854కు పూర్వం తపాలా ఖర్చు దూరాన్ని బట్టి పెరిగేది. 1854 అక్టోబరు నుండి దేశంలో ఎంత దూరానికైనా పావు తులం బరువు గల ఉత్తరానికి అర్ధణా బిళ్ల చాలునన్న పద్ధతి వచ్చింది. పావు తులమంటే దాదాపు 3 గ్రాములు. 1879 జులై 1న కాలణాకు పోస్టుకార్డు వచ్చింది. స్వాతంత్ర్యం తరువాత 1950లో ఇన్‌లాండు లెటరు వచ్చింది. కార్డు వచ్చిన తరువాతనే కూలివాని ఇంటికి కూడా ఉత్తరం అలవాటైనది. అయితే చదువు అంత వేగంగా రాలేదు. 1951 జనాభా లెక్కల నాటికి దేశంలో అక్షరాస్యులు నూటికి 18 మంది మాత్రమే. అంటే వ్రాసుకొన్నవారికంటె వ్రాయించుకొన్నవారే ఎక్కువ, చదువుకొన్నవారికంటె చదివించుకొన్నవారే ఎక్కువ. తెలుగు ఉత్తరం పలుకుబడిలో ఉండడానికి అసలు కారణం ఇదే. ఒకరు నోటితో చెబితే మరొకరు వ్రాయడం, అక్కడ ఒకరు చదివితే మరొకరు చెవితో వినడం. రెండు నోళ్ల నడుమ కాగితం ఒక బండి మాత్రమే.

ఈ సత్యం నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. 1980లో భాషాప్రవీణ పరీక్షలు వ్రాసి వేసవి సెలవులకు ఊరికి వచ్చాను. కలం నిండా కావ్యభాషే. మా వీధిలోని ఒక పెద్దమ్మ కొడుకు సైన్యంలో ఉండేవాడు. అతనికి ఉత్తరం వ్రాసిపెట్టమని ఆమె ఇన్‌లాండు కవరు పట్టుకొని వచ్చింది. ఆమె చెప్పినది ఇది: ‘ఒరే నాయనా, గేదె ఈనింది, పెయ్యదూడ. నువ్వు పంపిన డబ్బులు ముట్టినయి. మోకాలు నొప్పి కాస్త తగ్గింది. నువ్వు ఏళకు అన్నం తిను.’ నేను వ్రాసినది ఇది: ‘కుమారా, మన మహిషి ప్రసవించినది. నీవు పంపిన ద్రవ్యము ముట్టినది. మోకాలి వ్యథ కొంత ఉపశమించినది. నీవు సకాలమునందు భుజింపుము.’ చదివి వినిపించమంటే ఆమె చెప్పిన మాటలే వినిపించాను. అది నేను చేసిన రెండవ తప్పు.

మూడు వారాలకు ఆ ఊళ్లోనే ఉన్న బావకు అతని నుండి ఉత్తరం వచ్చింది. ‘అమ్మ ఉందా? ఉన్నదున్నట్టు రాయి. నాకు వచ్చిన ఉత్తరం అమ్మది కాదు. ఒక్కమాటైనా అమ్మ మాట లేదు. అమ్మ పోతే దాచిపెట్టి ఎవరో రాస్తున్నారని నాకు అనుమానంగా ఉంది. సెలవు అడిగినా, ఇవ్వలేదు.’

ఆ ఉత్తరాన్ని వాళ్ల బావ తెచ్చి నా చేతిలో పెట్టాడు. పెద్దమ్మ నన్ను ఒక్కమాట అనలేదు. ఇంకొక కవరు తెచ్చి ‘బాబూ, ఈసారి నేను చెప్పింది చెప్పినట్టు రాయి’ అన్నది. వ్రాశాను. ‘నాయనా’ అన్నచోట నాయనా అని, ‘ఏళకు’ అన్నచోట ఏళకు అనే వ్రాశాను. సరిహద్దులో ఒక యువకుడు మూడు వారాలపాటు తల్లి చనిపోయిందని కుమిలిపోవడానికి నా పాండిత్యం కారణమైనది. తల్లి బ్రతికి ఉన్నదనడానికి సాక్ష్యం ఆమె పలుకుబడి. దానిని నేను తుడిచివేశాను.

ఆ తరువాతనే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి రచనలు నాకు నిజంగా అర్థమైనవి. పండితులు కావ్యాలు ఏ భాషలో వ్రాసినా వ్యాఖ్యానాలు, శాసనాలు, ఉత్తరాలు వ్యవహార భాషలోనే వ్రాసుకొన్నారని, వ్యావహారికానికి గద్యరచనలో పూర్వాచారం ఉన్నదని ఆయన వాదించారు. ‘గద్యచింతామణి’లో పాత వచనాన్ని ఉదాహరణలుగా కూర్చి చూపారు. ఉత్తరం ఆ వాదంలో చిన్న సాక్షి కాదు. గ్రాంథికం కోసం పోరాడిన పండితుడు సైతం ఇంటికి వ్రాసే ఉత్తరంలో ‘ఏమనగా’ దాటిన తరువాత మాట్లాడే తెలుగే వ్రాస్తాడు గదా! ఆ తగవు రచ్చకెక్కినది కూడా బడిపిల్లల వ్యాసరచన వద్దనే. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయపు తెలుగు కాంపోజిషన్ ఉపసంఘం నివేదికకు గురజాడ అప్పారావుగారు వ్రాసిన అసమ్మతి పత్రం ప్రసిద్ధమే. మరుసటి ఏడు నవంబరులో ఆయన కన్నుమూశారు. 1940 జనవరి 22న గిడుగువారు వెళ్లిపోయారు. వారి జన్మదినమైన ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము.

వ్యవహార లేఖలకు 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చింది. 1974లో అధికార భాషా సంఘం ఏర్పడింది. దానికి తొలి అధ్యక్షులు వావిలాల గోపాలకృష్ణయ్యగారు. కచేరీ ఉత్తరం ప్రజలకు అర్థం కావాలన్నది ఆశయం. కాని తెలుగులో వ్రాసినంత మాత్రాన ఉత్తరం తెలుగు అయిపోదు. ‘పై విషయమును పురస్కరించుకొని తమరికి తెలియజేయునదేమనగా’ అని మొదలై అదే వాక్యంతో ముగిసే తాఖీదులను నేనూ చూశాను, నేనూ వ్రాశాను. మహిషి ప్రసవించుట అంటే అదే.

నా బోధనలోని తప్పును కూడా ఒప్పుకోవాలి. ఆ పెద్దమ్మ ఉత్తరం తరువాత బుద్ధి వచ్చింది కాని ఉద్యోగంలో చేరగానే పరీక్షల మార్కులు నా చేతిని మళ్లీ పాత దారి పట్టించాయి. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు నాన్నకు లేఖ వ్రాయమంటే ‘నాన్నా, నువ్వు లేకపోతే ఇంట్లో ఏం తోచట్లేదు’ అని మొదలుపెట్టాడు. ఎర్ర సిరాతో కొట్టివేసి ‘పూజ్యులైన నాన్నగారికి’ అని దిద్దాను. ఐదింటికి రెండు మార్కులు వేశాను. నాన్న నిజంగానే ఊళ్లో లేడని, పని వెతుక్కొంటూ వలస వెళ్లాడని కొన్ని నెలలకు తెలిసింది. ఆ తరగతిలో ఉన్న నలభై ఉత్తరాలలో నిజమైన ఉత్తరం అదొక్కటే. దానికే అన్నింటికంటె తక్కువ మార్కులు వచ్చాయి.

దేశంలో టెలిగ్రాము 2013 జులైలో ఆగిపోయింది. ఇంటి ఉత్తరానికి అట్లా ప్రకటించిన ముగింపు ఏదీ లేదు. చివరి ఉత్తరం ఏదో వ్రాసినవారికీ తెలియదు, అందుకొన్నవారికీ తెలియదు. ఆ మర్యాదవాక్యాలు మరుగున పడినందుకు నాకు కొంత విచారం ఉన్నది, కొన్ని పోయినందుకు సంతోషమూ ఉన్నది. మా అత్తయ్య పేరు ముందు ఆ మూడక్షరాలు ఇక ఎవరూ వ్రాయరు.

మీ ఇళ్లలో అటకమీదనో, ట్రంకుపెట్టెలోనో, దండెకు గుచ్చిన తీగలోనో పాత ఉత్తరాలు ఉండే ఉంటాయి. వాటిని పారవేయకండి. అందులో వ్రాసిన సంగతులు కాలం తీరినవే కావచ్చు. గేదెలు, అప్పులు, జ్వరాలు, సంబంధాలు. కాని నిఘంటువుకు ఎక్కని ఒక ఊరి తెలుగు, ఒక మనిషి నోటి తెలుగు అందులో భద్రంగా ఉన్నది. తీసి ఒకసారి పైకి చదవండి. ‘ఏమనగా’ దాటిన తరువాత ఎవరి గొంతు వినిపించిందో వీలైతే నాకు తెలియజేయండి.